సోలార్ ఇళ్లకే ప్రత్యేకంగా ఫీజు: వ్యతిరేకించడం స్వార్థమా?

ప్రశ్న: రెండేళ్ల కిందట అప్పు చేసి ఇంటి పైకప్పు మీద 4 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాం. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు కరెంటు కంపెనీ, సోలార్ ఉన్న ఇళ్లన్నీ కిలోవాట్‌కు ఇంత చొప్పున నెలనెలా అదనపు ఫీజు కట్టాలని నియంత్రణ మండలి ముందు ప్రతిపాదన పెట్టింది. అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇచ్చారు. "కంపెనీతో మనమేం పోరాడగలం, వదిలెయ్" అంటున్నారు మావారు. పక్కింట్లో అద్దెకుండే నా స్నేహితురాలు మాత్రం, "మీరు కట్టని లైన్ల ఖర్చు మా బిల్లుల్లో పడుతోందట కదా, ఆ ఫీజు న్యాయమే" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నిజంగానే మేం ఆమె మీద భారం వేస్తున్నామా? ఫీజును వ్యతిరేకిస్తే స్వార్థం అవుతుందా? కాకపోతే ఏం రాయాలి, ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: వ్యతిరేకించండి. గడువు లోపలే, రాతపూర్వకంగా, మీ పేరుతో. అందులో స్వార్థం లేదు. అయితే మీ స్నేహితురాలి మాటను మాత్రం తోసిపుచ్చకండి. ఈ వివాదం మొత్తం ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికి మీ దగ్గర నిజాయితీగల సమాధానం ఉంటే మండలి ముందు కూడా ధైర్యంగా నిలబడగలరు.

ముందు కంపెనీ వాదన వినండి. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది జీతాలు, వీటి ఖర్చు మనం ఎన్ని యూనిట్లు వాడినా పెద్దగా మారదు. కానీ ఆ ఖర్చులో ఎక్కువ భాగాన్ని యూనిట్ ధరలో కలిపే వసూలు చేస్తారు. మీ పైకప్పు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాక మీరు కొనే యూనిట్లు తగ్గాయి, లైన్ల ఖర్చులో మీ వాటా కూడా తగ్గింది. ఆ లోటును మిగతావాళ్ల బిల్లుల్లో వేయాల్సి వస్తోందని కంపెనీ అంటుంది. రాత్రిళ్లు మీరూ ఆ లైన్ల మీదే ఆధారపడతారు. లైన్‌లో కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా తనంతట తాను ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. కాబట్టి "మాకు మీ లైన్లతో పనేమిటి" అనే మాట మీ లేఖలో రాకూడదు. అది నిజం కాదు.

కానీ కంపెనీ చెప్పింది లెక్కలో ఒక వైపు మాత్రమే. మధ్యాహ్నం మీ ఇంట్లో మిగిలిన కరెంటు ఎక్కడికి పోతుందో ఒకసారి ఆలోచించండి. అది ఎక్కడో దూరాన ఉన్న విద్యుత్ కేంద్రానికి తిరిగి వెళ్లదు. దగ్గర్లో ఎవరు వాడుతుంటే వాళ్ల దగ్గరికే వెళ్తుంది, బహుశా మీ స్నేహితురాలి ఫ్యాన్‌కే. ఆ యూనిట్‌కు ఆమె కంపెనీకి పూర్తి ధర కడుతుంది, లైన్ల వాటాతో సహా. అది మీ గోడ నుంచి ఆమె గోడకు వచ్చింది తప్ప వందల కిలోమీటర్ల లైన్లు దాటి రాలేదు. తీగలో పోయే కరెంటు రెట్టింపైతే వేడి రూపంలో జరిగే నష్టం నాలుగు రెట్లవుతుంది. ఎండ మండిపోయే వేళ, ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు మీ ప్యానెళ్లు లైన్ల మీద బరువు తగ్గిస్తే ఆ నష్టం కూడా అదే లెక్కన తగ్గుతుంది. అంటే ఫీజు ప్రతిపాదనలో మీరు కలిగించిన ఖర్చు ఎంతో రాసినట్టే, మీరు మిగిల్చింది ఎంతో కూడా ఉండాలి. మీ అభ్యంతరానికి ఇదే ప్రాణం. రెండో అంకె లేకుండా మొదటి అంకె మాత్రమే చూపించి ఫీజు అడిగితే అది సగం లెక్క.

ఆ రెండో అంకెను లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో నియంత్రణ సంస్థ 2015లో ఒక అధ్యయనం చేయించింది. ఆదా అయ్యే ఇంధనం, లైన్లు, తగ్గే కాలుష్యం అన్నీ కలిపి చూస్తే పైకప్పు సోలార్ యూనిట్ విలువ సుమారు 33 సెంట్లని తేలింది. అక్కడి ఇళ్లు అప్పట్లో యూనిట్‌కు కడుతున్న ధర కంటే అది చాలా ఎక్కువ. కాలుష్యం విలువను పక్కన పెడితే అంకె తగ్గుతుంది, ఆ మాటా మనమే చెప్పాలి. 2017లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల మరో వైపు నుంచి లెక్క చూసింది. అప్పటికి అమెరికా మొత్తం కరెంటు అమ్మకాల్లో పైకప్పు సోలార్ వాటా 0.4 శాతం. దానివల్ల మిగతావాళ్ల ధర పెరిగితే దీర్ఘకాలంలో యూనిట్‌కు 0.03 సెంట్లకు మించదని తేల్చింది. సెంటు అంటే డాలర్‌లో నూరో వంతు, అందులో నూటికి మూడు వంతులన్నమాట. పక్కింటి బిల్లు మీద పడే భారం గురించి మాట్లాడేటప్పుడు ఈ కొలత గుర్తుంచుకోండి.

అలాగని అన్ని చోట్లా ఇంతేనని చెప్పను. కాలిఫోర్నియాలో లక్షల ఇళ్ల మీద ప్యానెళ్లున్నాయి. అక్కడ మధ్యాహ్నం కరెంటు మిగిలిపోతుంది, సూర్యుడు దిగగానే ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది, ఆ సాయంత్రపు గిరాకీ కోసం ఇతర కేంద్రాలను సిద్ధంగా ఉంచాలి. అలాంటి చోట ఖర్చు బదిలీ అవుతోందన్న వాదనకు బలం ఉంది, దాన్ని చెప్పేవాళ్లలో కంపెనీతో సంబంధం లేని ఆర్థికవేత్తలూ ఉన్నారు. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మా ప్రాంతంలో మొత్తం కరెంటులో పైకప్పు సోలార్ వాటా ఎంత? ఒక శాతం లోపు అయితే కంపెనీ భయపెడుతున్న భారానికి ఆధారం దాదాపు ఉండదు. ఎక్కువైతే, దానికి సరైన మందు గంటను బట్టి మారే ధర. సాయంత్రం ఏడింటికి కరెంటు ఖరీదైతే అప్పుడు వాడే ప్రతివాళ్లూ ఎక్కువ కట్టాలి, మధ్యాహ్నం చవకైతే అందరికీ తగ్గాలి. ప్యానెళ్లున్న ఇంటికి మాత్రమే వేసే ఫీజుకు గంటతో పని లేదు, ఎంత వాడారన్నదానితోనూ పని లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పాత ఫ్రిజ్ తీసేసి తక్కువ కరెంటు తినే ఫ్రిజ్ కొన్నవాళ్ల బిల్లు తగ్గుతుంది. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలిన ఇంట్లో వాడకం సగానికి పడిపోతుంది. ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉండే ఇళ్లున్నాయి. వీళ్లందరూ లైన్ల ఖర్చులో తమ వాటా తగ్గించుకున్నవాళ్లే, లైన్లు మాత్రం వాళ్ల గుమ్మం దాకా వెళ్తూనే ఉన్నాయి. వాళ్ల మీద ఎవరూ ఫీజు వేయరు, వేయకూడదు కూడా. మరి పైకప్పు మీద సొంత డబ్బుతో కరెంటు తయారు చేసిన ఇంటిని మాత్రమే వేరు చేసి ఎందుకు నిలబెడుతున్నారు? దీన్నే న్యాయభాషలో వివక్ష అంటారు, ఇది కోర్టుల్లో నిలిచిన వాదన. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక కంపెనీ సోలార్ ఇళ్లకు విడిగా డిమాండ్ చార్జీ, అంటే నెలలో అత్యధికంగా వాడిన సమయాన్ని బట్టి వేసే చార్జీ పెట్టింది. నియంత్రణ సంస్థ ఒప్పుకుంది, కింది అప్పీలు కోర్టు కూడా తప్పులేదంది. చివరికి 2020 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, పునరుత్పాదక విద్యుత్ వాడేవాళ్ల మీద ధరల వివక్ష కూడదన్న రాష్ట్ర చట్టానికి ఇది విరుద్ధమని తీర్పిచ్చింది. మీ ప్రాంతపు విద్యుత్ చట్టంలో, మండలి నిబంధనల్లో వినియోగదారుల మధ్య అకారణ భేదం చూపకూడదనే మాట ఎక్కడుందో వెతకండి. దొరికితే ఆ సెక్షన్ నంబరు మీ లేఖ మొదటి పేజీలోనే రాయండి.

అమెరికాలోనే మరో రాష్ట్రమైన విస్కాన్సిన్ కథ మీకు ఇంకా బాగా పనికొస్తుంది. 2014లో అక్కడి నియంత్రణ సంస్థ సొంతంగా కరెంటు తయారు చేసుకునే ఇళ్లపై కిలోవాట్‌కు నెలకు 3.79 డాలర్ల చార్జీకి అనుమతిచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఇళ్ల వల్ల అంత ఖర్చు అవుతోందనడానికి రికార్డులో తగిన సాక్ష్యం లేదన్నదే అందుకు కారణం. సోలార్ మంచిదా చెడ్డదా అనే జోలికి కోర్టు పోనేలేదు. లెక్క చూపించమంది, కంపెనీ చూపలేకపోయింది.

మీరూ అక్కడే పట్టు పట్టాలి. లేఖలో మీ అడ్రసు, సర్వీసు నంబరు, ప్యానెళ్ల సామర్థ్యం రాశాక, కంపెనీ ఈ ఫీజు మొత్తాన్ని ఎలా లెక్కగట్టిందో ఆ లెక్కల కాగితాలన్నీ బయటపెట్టమని అడగండి. సోలార్ ఇళ్ల మీటర్లు గంటగంటకూ చూపిన అంకెలు వాడారా, లేక ఊహించిన సగటునా? సోలార్ లేకుండా అంతే తక్కువ వాడే ఇళ్లతో పోల్చి చూశారా? సోలార్ వల్ల ఏ ఫీడర్ (వీధులకు కరెంటు తెచ్చే లైన్) మీద, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అదనపు ఖర్చు పెట్టాల్సి వచ్చింది, ఎప్పుడు, ఎంత? తగ్గిన లైన్ నష్టాలు, కొనకుండా మిగిలిన కరెంటు విలువ ఎక్కడ కలిపారు? ఈ ఫీజు వల్ల వచ్చే డబ్బుతో మిగతా ఇళ్ల బిల్లు నెలకు ఎంత తగ్గుతుంది? ఈ ఆఖరి ప్రశ్నను వదలకండి. పక్కింటివాళ్ల కోసమే ఈ ఫీజు అంటున్నారు కాబట్టి, పక్కింటి బిల్లులో ఎంత తగ్గుతుందో చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్లదే.

ప్రతిపాదనలో 'డిమాండ్ చార్జీ' అనే మాట ఉందేమో జాగ్రత్తగా చూసుకోండి. మీరు కిలోవాట్‌కు ఇంత అని రాశారు కానీ, అది ప్యానెళ్ల కిలోవాటా, మీ వాడకపు గరిష్ఠ కిలోవాటా అన్నది తేల్చుకోవాలి. రెండోదైతే సంగతి ఇంకా కష్టం. నెల మొత్తంలో మీరు అత్యధికంగా వాడిన ఒక గంటనో, పావుగంటనో పట్టుకుని నెలంతటికీ చార్జీ వేస్తారు. మబ్బు పట్టిన ఒక సాయంత్రం నీళ్ల హీటరు, మోటారు, వాషింగ్ మెషీన్ ఒకేసారి నడిచాయనుకోండి, మిగతా 29 రోజులు మీరు ఎంత పొదుపు చేసినా లాభం ఉండదు. ఫ్యాక్టరీల్లో అయితే దీన్ని చూసుకోవడానికి మనుషులుంటారు. ఇంట్లో ఆ క్షణం ఎప్పుడొచ్చిందో బిల్లు వచ్చేదాకా తెలియదు. మసాచుసెట్స్‌లో 2018 జనవరిలో ఇలాంటి చార్జీకి అనుమతి వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో చట్టసభ కొత్త చట్టంతో దాన్ని రద్దు చేసింది. నియంత్రణ మండలి దగ్గర ఓడినా చట్టసభ ఇంకా ఉంది.

ఇప్పుడు మీ సొంత విషయానికి వద్దాం. మీరు రెండేళ్ల కిందటే పెట్టించుకున్నారు, అప్పటి నిబంధనలు చూసుకుని అప్పు చేశారు. ఫీజు కొత్తవాళ్లకా, పాతవాళ్లకూ కూడానా? దీన్ని విడిగా, ఒక ప్రత్యేక అభ్యంతరంగా రాయండి, ఎందుకంటే మొత్తం వాదన వీగిపోయినా ఇది ఒక్కటీ గెలవచ్చు. నెవాడాలో 2015 డిసెంబరులో మండలి సోలార్ ఇళ్ల ఫిక్స్‌డ్ చార్జీని, అంటే ఎంత వాడినా నెలనెలా కట్టాల్సిన మొత్తాన్ని, 12.75 డాలర్ల నుంచి దశలవారీగా 38.51 డాలర్లకు పెంచాలని, లైన్‌కు పంపే కరెంటుకు ఇచ్చే ధర తగ్గించాలని నిర్ణయించింది. అప్పటికే ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లకు కూడా అదే వర్తిస్తుందంది. జనం మండిపడ్డారు. పెద్ద సోలార్ కంపెనీలు ఆ రాష్ట్రంలో అమ్మకాలు ఆపేశాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో పాతవాళ్లకు పాత నిబంధనలే కొనసాగేలా ఒప్పుకున్నారు. 2017లో చట్టసభ కొత్తవాళ్లకు కూడా చాలావరకు పాత పద్ధతి తిరిగి తెచ్చింది. కాబట్టి మీ నెట్ మీటరింగ్ ఒప్పందం (లైన్‌కు పంపిన కరెంటును మీ బిల్లులో సర్దే ఒప్పందం) కాగితం, లైన్‌కు కలిపిన తేదీ, అప్పు పత్రం మూడూ బయటికి తీసి జిరాక్స్‌లు లేఖకు జతచేయండి. పక్కనే ఒక చిన్న లెక్క కూడా రాయండి. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. మీకు ఇంకా 23 ఏళ్లు, అంటే 276 నెలలు ఉన్నాయి. నెల ఫీజును 276తో గుణించి ఆ మొత్తాన్ని మీ అప్పు పక్కన పెట్టండి. మండలి సభ్యులకు నెల ఫీజు చిన్నదిగా కనిపిస్తుంది, గుణించిన అంకె అలా కనిపించదు.

"మనమేం పోరాడగలం" అన్న మీవారికి కొన్ని సంగతులు చెప్పండి. అరిజోనాలో ఒక పెద్ద కంపెనీ 2013లో సోలార్ ఇళ్ల నుంచి నెలకు 50 డాలర్లు, అంతకు మించి కూడా రాబట్టాలని చూసింది. ఎంతోమంది వచ్చి వ్యతిరేకించాక మండలి కిలోవాట్‌కు 70 సెంట్లు మాత్రమే ఇచ్చింది, సగటు ఇంటికి నెలకు 5 డాలర్ల లోపే. కాలిఫోర్నియాలో 2021 డిసెంబరులో కిలోవాట్‌కు 8 డాలర్ల ఫీజు ప్రతిపాదించారు, మీ ఇంటి లెక్కన నెలకు 32 డాలర్లు. ఏడాది పాటు సాగిన నిరసన తర్వాత 2022 డిసెంబరులో వచ్చిన తుది నిర్ణయంలో ఆ ఫీజు లేదు. అయితే కొత్తవాళ్లు లైన్‌కు పంపే కరెంటు ధరను బాగా తగ్గించారు, కాబట్టి ఆ గెలుపు సగమే. స్పెయిన్‌లో 2015లో తెచ్చిన చార్జీలను జనం 'సూర్యుడి మీద పన్ను' అన్నారు. చిన్న ఇళ్లకు వాటిలో చాలావరకు మినహాయింపు ఉన్నా ఆ పేరే దేశమంతా పాకింది, 2018లో ప్రభుత్వం వాటిని ఎత్తేసింది. ప్రతిచోటా ఇలాగే జరగలేదు. అలబామాలో సోలార్ ఇళ్ల మీద ఉన్న ఫీజును 2020లో నియంత్రణ సంస్థ సమర్థించడమే కాదు, కిలోవాట్‌కు 5.41 డాలర్లకు పెరగనిచ్చింది. గెలుస్తారని నేను మాటివ్వలేను. కానీ గడువు లోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, రేపు అప్పీలుకు వెళ్లడానికి రికార్డులో ఒక్క వాక్యమైనా ఉండదు. విస్కాన్సిన్ కోర్టు చూసింది ఆ రికార్డునే.

బహిరంగ విచారణ ఉంటే తప్పకుండా వెళ్లండి. ఒకసారి అలాంటి విచారణలో నేనూ మాట్లాడాను. భూమి వేడెక్కడం గురించి మనసారా చెప్పాను, సభ్యులు మర్యాదగా విన్నారు. నా తర్వాత ఒక పెద్దాయన లేచి, ప్యానెళ్లు పెట్టకముందు పన్నెండు నెలల బిల్లులు, పెట్టాక పన్నెండు నెలల బిల్లులు బల్ల మీద పరిచి, "నేను ఇప్పటికీ ఫిక్స్‌డ్ చార్జీ కడుతున్నాను, రాత్రి వాడిన యూనిట్లకు లైన్ల వాటాతో సహా కడుతున్నాను, మధ్యాహ్నం నేనిచ్చిన యూనిట్లు ఇవిగో. ఇందులో నేను ఎగ్గొట్టింది ఎక్కడుందో చూపించండి" అన్నారు. సభ్యులు పెన్నులు తీశారు. కంపెనీ తరఫున వచ్చినాయన్ని అదే ప్రశ్న అడిగారు. ఆ రోజు నుంచి నన్ను అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను, మీ బిల్లులు తీసుకెళ్లండి. పర్యావరణం మాట ఒక్క వాక్యంలో చెప్పండి, అది నిజమే కాబట్టి. మిగతా సమయమంతా మీ అంకెలకే ఇవ్వండి. ప్యానెళ్లు అమ్మే కంపెనీల ప్రతినిధులు కూడా వస్తారు, రాసిచ్చిన కాగితం చదవమంటారు. వాళ్ల వ్యాపారం వాళ్లది. మీ మాటలు మీవే అయితేనే విలువ.

కోపంలో బ్యాటరీలు కొని లైన్ తెంచేసుకుందామనే ఆలోచన వస్తే మాత్రం ఆగండి. వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టినా సరిపోయేంత బ్యాటరీ కొనాలంటే ఇంకో పెద్ద అప్పు కావాలి. పైగా మీరు లైన్‌లో ఉండటం మీకూ, మీ పొరుగుకూ మంచిది.

ఆ పొరుగు దగ్గరికే వెళ్లమంటాను చివరికి. లేఖ పంపే ముందు మీ స్నేహితురాలికి చూపించండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు సొంత పైకప్పు లేదు, ప్యానెళ్లు పెట్టుకునే అవకాశం లేదు. ఆ బాధ నిజమైనది, మీరు వాదించి తీర్చగలిగేది కాదు. కానీ ఒక విషయం ఆమెకు తెలియాలి. విస్కాన్సిన్‌లో సోలార్ ఇళ్ల మీద చార్జీ అడిగిన ఆ కేసులోనే, సోలార్ ఉన్నా లేకున్నా అందరి ఫిక్స్‌డ్ చార్జీనీ 9 డాలర్ల నుంచి 16 డాలర్లకు పెంచారు. ఫిక్స్‌డ్ చార్జీ ఎక్కువైనకొద్దీ తక్కువ వాడే ఇల్లే ఎక్కువ నష్టపోతుంది. రెండు గదుల్లో ఒక ఫ్యాన్, రెండు లైట్లతో గడిపే ఇల్లు, ఏసీలు నాలుగున్న ఇల్లు ఒకే మొత్తం కట్టాలి. వాడకాన్ని తగ్గించుకుని బిల్లు తగ్గించుకునే దారి ఆమెకు కూడా మూసుకుపోతుంది. కంపెనీ ప్రతిపాదన మొత్తం తెప్పించుకుని, సోలార్ పేజీ ఒక్కటే కాకుండా ఇళ్లకు వేసే చార్జీల పేజీ కూడా ఇద్దరూ కూర్చుని చదవండి. ఫిక్స్‌డ్ చార్జీ పెంపు అందులో ఉంటే మీ లేఖలో దానికీ అభ్యంతరం రాయండి. అద్దెకుండేవాళ్లు కూడా వాటా కొనుక్కుని బిల్లులో తగ్గింపు పొందే ఉమ్మడి సోలార్ పథకం పెట్టాలని కూడా అడగండి. ఆమెకు సరే అనిపిస్తే కింద మీ సంతకం పక్కన ఆమె సంతకం, ఆమె సర్వీసు నంబరు కూడా తీసుకోండి.